పార్కు బల్ల మీద రెండు పాదాలు

స్నేహితుడి మీద పద్యం రాయడం తప్పు కాదు. దానికి అనుమతి అడగడమే తప్పు. తాళాల మేస్త్రీ విషయంలో ఇది రుజువైపోయింది.

మేస్త్రీకి, వడ్రంగికి ముప్పై ఏళ్ళుగా పక్కపక్క దుకాణాలు. పొద్దున్నే వడ్రంగి రంపం ఆపకుండానే "ఉన్నావా?" అని కేకేసేవాడు. ఈయన "ఉన్నా" అనేవాడు. ఆ పూటకు కబుర్లు అయిపోయేవి. వడ్రంగి పోయాడు. ఎదుటి పార్కులో అతను చేసిన బల్ల మిగిలింది. దాని మీద రేకు కొట్టించాలని మేస్త్రీ రెండు పాదాలు రాసుకున్నాడు:

తలుపు నీది, తాళం నాది, ఉన్నావా?
పిలుపు నీది, పలుకు నాది, ఉన్నావా?

కాగితం పురపాలక పద్య పరిశీలన శాఖకు వెళ్ళింది. (దోమల నివారణ శాఖ పక్క గదే. దోమలు ఉమ్మడి.) ప్రాస అధికారి రెండో అక్షరాల మీద వేలు పెట్టి చూసి, కలిశాయని ముద్ర వేశాడు. గణాల అధికారి ఛందస్సేమిటో తేల్చలేక, బల్ల వెడల్పుకు సరిపోయిందని సంతకం చేశాడు. పునరుక్తి నివారణ అధికారిణి దగ్గర బండి ఆగింది. ప్రజల ఆస్తి మీద ఏ మాటా రెండుసార్లు ఉండరాదు. (ఈ నిబంధన ఆ గదిలో మూడు గోడల మీద అంటించి ఉంది.)

"ఒకసారి అడిగితే చాలదా బాబాయ్?" అందామె.

"వాడు రోజూ అడిగేవాడమ్మా. ఒక్కసారి అడిగి పోతే స్నేహితుడని ఎందుకంటాను? జనాభా లెక్కలవాడంటాను."

ఆమె నవ్వలేదు. రెండో నీది, రెండో నాది, రెండో ఉన్నావా కొట్టేసింది. మిగిలిన ఉన్నావా ప్రశ్న కాబట్టి జవాబు చెప్పవలసినవాడి సంతకం తెమ్మంది. మేస్త్రీ మరణ ధ్రువపత్రం చూపించాడు. అయితే జవాబు రికార్డులోనే ఉందని దాన్నీ కొట్టేసింది.

నెల తిరక్కుండా రేకు వచ్చింది: తలుపు నీది, తాళం నాది, పిలుపు, పలుకు. జనం అది ప్రకటన అనుకుని, తాళంచెవులు పోయాయంటూ మేస్త్రీ దుకాణానికి రాసాగారు.

ఆయన వెళ్ళి ఫిర్యాదు చేశాడు. అధికారిణి అంతా విని, రాసుకుంటాను మళ్ళీ చెప్పమంది.

"ఒకసారి చెప్పానమ్మా. రెండోసారి మీ గోడలు ఒప్పుకోవు," అని లేచాడు.

ఆ తర్వాత ఆ ఊసు ఎవరి దగ్గరా ఎత్తలేదు. దుకాణం ముందు నిలబడి ఎవరైనా ఉన్నావా అంటే, లోపల్నుంచి గడియ పెడుతున్నాడు.