టవలు కింద పీహెచ్‌డీ

మా ఇంట్లో మనుషులం ముగ్గురం. టవళ్ళు మాత్రం పెళ్ళివారి విడిదికి సరిపోయేన్ని. వచ్చినవాళ్ళంతా వ్యాపారం మార్చారా అని అడుగుతున్నారు కాబట్టి అసలు సంగతి చెప్పేస్తున్నాను. ఇదంతా నేను ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టడం వల్ల వచ్చిన సరుకు.

మా అమ్మాయి వర్షిణిని కర్నూలు హాస్టల్లో దింపి వచ్చిన రోజున ఇల్లు బోసిపోయింది. ఎమ్మే సర్టిఫికెట్లు దుమ్ము దులిపి చూసుకున్నాను. ఫస్టు క్లాసు అలాగే ఉంది, చెదలు కూడా ముట్టలేదు. ఒక విశ్వవిద్యాలయం ప్రకటన కనబడింది. పెడదామనుకున్నాను, ఎవరికీ చెప్పకుండా.

ఎందుకంటే మా ఆయన ఉదయ్. ఆదోనిలో పత్తి కమీషన్ కొట్టు. బంగారంలాంటి మనిషే గానీ, ఆయన కడుపులో ఇడ్లీ నిలిచినంత సేపు కూడా మాట నిలవదు. నేను పొద్దున చెబితే మధ్యాహ్నానికి మార్కెట్ యార్డులో హమాలీలు కూడా “సీటొచ్చినాదా అక్కా?” అంటారు. వస్తే సరే. రాకపోతే ఆ ఓదార్పులు ఎవరు మొయ్యాలి? అందులోనూ మా అత్తగారు గోవిందమ్మగారికి ఓదార్చడానికి ప్రత్యేకంగా ఒక గొంతు ఉంది. అది విన్నాక ఏడవనివాళ్ళు కూడా ఏడుస్తారు.

నేను పరిశోధన చేస్తానన్నది మా ఇంటి సంగతే. మామగారు బతికున్న రోజుల్లో, కొట్లో పత్తి బేరం టవలు కింద జరిగేది. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద టవలు కప్పుకుని, వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు. పైకి వానల గురించి మాట్లాడుకునేవారు. పిడికిలంతా పట్టి బిగిస్తే బేరం కుదిరినట్టు. పక్కనున్నవాడికి ధర తెలియదు. ఇప్పుడు అంతా కంప్యూటరు టెండర్లు. ఆ రహస్యపు బేరంలో రైతుకు మిగిలిందెంత, పోయిందెంత అన్నది నా ప్రశ్న.

దరఖాస్తుకు పాఠం చెప్పిన గురువు సిఫారసు కావాలి. మా జయతీర్థ సారు రిటైరై ఎమ్మిగనూరులో ఉన్నారు. ఫోనులో అడిగితే పని కాదు, ఎదురుగా కూర్చుని అడగాలి. ఎమ్మిగనూరుకు పోవడానికి సాకు? మగ్గం టవళ్ళు!

“యాడికి పోతాండావు?” అన్నారు అత్తగారు.

“ఎమ్మిగనూరుకత్తా. టవళ్ళు తెస్తా.”

“ఆదోనిలో టవళ్ళు అయిపోయినాయా?”

“ఆడివి మగ్గానివి. నీళ్ళు బాగా పీలుస్తాయి. బస్సు కూడా ఆడోళ్ళకి ఫ్రీ కదా.”

“అంత నీళ్ళు మన కొళాయిలో యాడొస్తాండాయమ్మా, పీల్చేదానికి!”

సారు నన్ను చూసి ఎంతో సంతోషించారు. వారి భార్య మీనాక్షమ్మగారు కాఫీ ఇచ్చారు. సిఫారసు మాట ఎత్తగానే సారు పంచాంగం ఎత్తారు.

“రేపు ఏకాదశి కదమ్మా. ఉపవాసం నాడు నాకు ఇంగ్లీషు రాదు. ఎల్లుండి ద్వాదశి, పారణ. ఆ తర్వాత రా.”

ఆ తర్వాత పోతే మంత్రాలయంలో సేవ. మరోసారి పోతే కళ్ళజోడు రిపేరు. ఇంకోసారి పోతే మళ్ళీ ఏకాదశి. నేను పోయినప్పుడల్లా ఉత్తిచేతులతో రాలేను కదా, టవళ్ళతో వచ్చాను.

“ఎంత చెప్పినాడు?” అత్తగారి మొదటి ప్రశ్న.

“నూట ఇరవై.”

“ఎంతకిచ్చినాడు?”

“నూట ఇరవై.”

“ఊఁ,” అన్నారామె. ప్రతిసారీ అదే ప్రశ్న, అదే జవాబు, అదే ఊఁ.

గడువు ఆఖరి రోజు వచ్చింది. సారు రాయలేదు. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. సాయంత్రం ఫోనులో విశ్వవిద్యాలయం మెసేజీ: మీ సిఫారసు అందింది. మంత్రాలయం స్వామే కరుణించాడనుకుని కొబ్బరికాయ కొట్టాను. మా ఆయన దేనికని అడక్కుండా చిప్ప తినేశారు.

ఇంటర్వ్యూ వీడియోలో అన్నారు. ఆ పొద్దున ఆయన కొట్టుకు పోయారు, అత్తగారు భజనకు. వెనకాల టవళ్ళు కనబడితే పరువు తక్కువని ఇంట్లో ఉన్న ప్రతి టవలునూ బీరువాలో కుక్కి తాళం వేసి, దాని ముందు పుస్తకాలు పేర్చి కూర్చున్నాను. తెర మీద ఒక పెద్దాయన, ఒక మేడమ్.

పెద్దాయన అడిగిన ప్రశ్న ఒక్కటే. “ధర రహస్యమైనప్పుడు, అది మీకెవరు చెబుతారమ్మా?”

ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా దాచడం మీదే ధ్యాస పెట్టాను, ఎవరు చెబుతారన్నది ఆలోచించనే లేదు.

అప్పుడే స్నానాల గది వైపు నుంచి కేక.

“సుష్మీ! ఇంటినిండా టవళ్ళు తెచ్చినావే, ఒక్కటన్నా యాడుండాది?”

యార్డులో కాటాలు నిలిచిపోయి ఆయన ఇంటికొచ్చి స్నానం చేశారని నాకేం తెలుసు? తలుపు తెరుచుకుంది. దండెం మీది అత్తగారి చీర ఒంటికి చుట్టుకుని, నీళ్ళు కారుతూ మా ఆయన నిలబడ్డారు. తెర మీద మనుషుల్ని చూసి నమస్కారం పెట్టబోయి, చీర గుర్తొచ్చి ఒంటిచేత్తో పెట్టారు.

“ఎవరాయన?” అన్నారు మేడమ్.

“నా ఫీల్డ్ డేటా మేడమ్,” అన్నాను.

ఆ వెనకే అత్తగారు! భజనకు పోలేదు, తలుపు వారనే కూర్చుని ఉన్నారు. భుజం మీద ఉన్న టవలు తీసి దులిపారు.

“బేరం చూస్తారా సారూ? ఉదయ్, చెయ్యి ఇట్ల పెట్టు.”

తల్లీకొడుకుల చేతుల మీద టవలు పడింది.

“కోసిగి పక్క వాన పడినాదా అప్పా?” అన్నారు అత్తగారు చల్లగా.

“యాడమ్మా... మబ్బులే... అయ్యో, వేలు!”

టవలు కింద ఏదో తుపాను. ఆయన మొహం ఎర్రబడింది, పాలిపోయింది, చివరికి తల వేలాడింది. అత్తగారు పిడికిలి బిగించారు.

“ఎంతకి కుదిరిందమ్మా?” పెద్దాయన తెరలోంచి ముందుకు వంగారు.

“మూడో మనిషికి చెప్పరు సారూ. చెప్పేదైతే టవలెందుకు?”

నాకు ప్రాణం లేచొచ్చింది. “అందుకే సార్, బయటివాళ్ళకు ఎవరూ చెప్పరు. నన్ను మాత్రం టవలు కింద చెయ్యి పెట్టనిచ్చే మనిషి మా ఇంట్లోనే ఉంది.”

పెద్దాయన పకపకా నవ్వి ఇంటర్వ్యూ అయిపోయిందన్నారు.

తెర ఆరిపోగానే అత్తగారి ముందు నిలబడ్డాను. “మీకెట్ల తెలిసిందత్తా?”

“కోమటింటి కోడలు బేరం చెయ్యకుండా చెప్పిన రేటుకే సరుకు తెస్తే, దాని మనసు అంగట్లో లేదని అర్థం. మొదటి టవలప్పుడే అనుకున్నా. ఎమ్మిగనూరులో నీకు తెలిసినోళ్ళెవరు? మీ సారు. మీనాక్షమ్మకు ఫోన్ చేసినా.”

“మరి ఆ సిఫారసు...”

“ఆయప్పతో నేనే మాట్లాడినా. స్వామీ, మీరు రాయకుంటే మా కోడలు ఇంకా టవళ్ళు తెస్తాది, వచ్చేసారి అన్నీ మీ ఇంటికే పంపిస్తా అన్యా. గంటలో పని అయిపోయినాది.”

ఎవరికి కొట్టిన కొబ్బరికాయ ఎవరికి చెందాలి!

“నాకెందుకు చెప్పలేదు?” అని మా ఆయన అలిగారు. చీరలో అలిగిన మనిషిని చూసి ఎంతసేపని నవ్వు ఆపుకుంటాం?

సీటు వచ్చింది. ఆ సాయంత్రం అత్తగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా చేతి మీద టవలు కప్పారు.

“పప్పు ఉడికినాదా?” అన్నారు పైకి. లోపల మూడు వేళ్ళు పట్టారు. మూడేళ్ళలో ముగించమని.

“ఇంకా లేదత్తా,” అని ఆమెవి ఐదూ పట్టాను, ఐదేళ్ళు కావాలని.

ఆమె నాలుగు పట్టారు. నేను గింజుకున్నాను. వదల్లేదు. పొయ్యి, పండగలు, వచ్చేపోయే చుట్టాలు అన్నీ ఆమె చూసుకునే నాలుగేళ్ళు అవి. నేను ఊరుకోగానే పిడికిలంతా పట్టి బిగించారు. ఎప్పుడో కుదిరిన బేరం, అయినా ఆ చెయ్యి వదల్లేదు. నేనూ విడిపించుకోలేదు. మనిషి ఒక చేత్తో కళ్ళు తుడుచుకోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

“ఏం బేరం? ఎంతకి?” అంటూ వచ్చారు మా ఆయన. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, “పోనీ ఆ టవలన్నా ఇయ్యండి, స్నానానికి పోవాల,” అన్నారు.

అత్తగారు నా చెయ్యి అలాగే పట్టుకుని తలతో దండెం వైపు చూపించారు.

“బేరం మధ్యలో టవలు లాగకూడదు నాయనా. నీ చీర ఆరిండాది, కట్టుకో పో.”