న్యూట్రల్‌లో ఉరికే బండి

అమ్మలారా, అయ్యలారా! ఆగి ఉన్న కారులో ఇంజిన్ మాత్రం ఆగకుండా హోరెత్తడం ఒక జబ్బని మీకెవరు చెప్పారు? మెకానిక్కులే చెప్పి ఉంటారు. వాళ్ళకీ పొద్దు గడవాలి కదా! నన్నడిగితే హెచ్చు ఐడిలింగ్ జబ్బు కాదు, వరం. అడక్కపోయినా అదే చెబుతాను, ఎందుకంటే ఈ కాలమ్ నాది.

నమ్మకపోతే కొండ మీది మా ఊరు ఎల్ ఆల్తోకి వచ్చి సెవెరో లిమాచి తెల్ల వ్యాగన్ ఎక్కండి. ఇక్కణ్ణించి కింద ఉన్న లా పాస్‌కి జనాన్ని దించే టాక్సీ అది. మొన్న ఫిబ్రవరిలో కార్నివాల్ మంగళవారం నుంచి దాని ఇంజిన్‌కి తగ్గడం అనే గుణం పోయింది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా, న్యూట్రల్‌లో పెట్టినా, హ్యాండ్ బ్రేక్ లాగి బతిమాలినా ఒకటే మోత. ఒక్కోసారి తగ్గినట్టే తగ్గి, కాస్త ఊపిరి పీల్చుకుని, ఇంకా గట్టిగా అందుకుంటుంది.

పెట్రోల్ సంగతి ఎత్తకండి, అది చిల్లర విషయం. కాలి సుఖం చూడండి! మామూలు డ్రైవరు రోజంతా యాక్సిలరేటర్ తొక్కి తొక్కి సాయంత్రానికి మడమ పట్టుకుని మూలుగుతాడు. సెవెరో క్లచ్ మీంచి కాలు తీస్తాడు, అంతే. బండి తనంతట తానే పోతుంది. ఎటు పోవాలో చెబితే చాలు.

ప్రయాణికుల క్రమశిక్షణ మాటేమిటి? ఇదివరకు మా ఆడవాళ్ళు ఒక కాలు బండిలో, ఒక కాలు రోడ్డు మీద పెట్టి, పక్కింటావిడతో బంగాళాదుంపల ధర మొదలుకుని కోడలి వంట దాకా మాట్లాడితే గానీ ఎక్కేవారు కాదు. ఇప్పుడు? ఒక చేత్తో టోపీ, ఒక చేత్తో పావడాలు పట్టుకుని ఒక్క దూకు! మూట ఎక్కితే ఎక్కినట్టు, లేకపోతే లేదు.

సంతకి పాల క్యాన్‌తో బయల్దేరిన ఒకావిడ దిగి చూసుకునేసరికి వెన్న తేలింది. ఆ సీటు వణుకుడికి నా నడుం నొప్పి సగం పోయింది. ఇక దొంగల భయమంటారా, ఆ బండిని చప్పుడు చెయ్యకుండా ఎత్తుకుపోయే మొనగాడు ఇంకా పుట్టలేదు. సెవెరో భార్య నికొలాసాకి మొగుడు మూడు వీధుల అవతల ఉండగానే తెలిసిపోతుంది, లేచి సూప్ వేడి చేస్తుంది. ఇన్ని సుఖాలు ఏ కొత్త కారు ఇస్తుంది చెప్పండి?

అయినా సెవెరోకి తృప్తి లేదు. రోజురోజుకీ చిక్కిపోతున్నాడు. పండుగ దగ్గర పడుతోంది మరి.

జూలైలో మా పేటలో కార్మెన్ మాత పండుగ. ఊరేగింపులో మా నాట్యబృందానికి ముందు ఒక కారు నడుస్తుంది. దాని మీద రంగురంగుల నేత దుప్పట్లు కప్పి, వాటికి వెండి పళ్ళేలు, చెంచాలు, బొమ్మలు కుట్టి ముస్తాబు చేస్తారు. ఆ ముందు బండి వంతు ఒక ఇంటికి వచ్చిందంటే మళ్ళీ రావడం మనవల కాలానికే. ఈ ఏడు అది సెవెరోకి వచ్చింది. ముందు సీటులో కూర్చునేది వాళ్ళమ్మ దోన్యా బసీలియా. ఒకప్పుడు ఆవిడ మొరెనాడా నాట్యం ఆడుతుంటే పేటంతా పనులు మానుకుని చూసేదట. మోకాళ్ళు పోయాక వీధి గుమ్మమే గతి అయింది. ఆ దారంతా ఇంకొక్కసారి, కూర్చునైనా సరే, నాట్యం నడకతోనే, తెలిసినవాళ్ళందరినీ పలకరిస్తూ వెళ్ళాలని ఆవిడ కోరిక. మూల మలుపులో కుర్చీ వేసుకు కూర్చునే తన పాత జోడీ దోన్యా ఫెలీపాకి చెయ్యి ఊపాలని మరీ కోరిక. తల్లి అడిగిన ఆ ఒక్క ముచ్చటా తీర్చలేకపోతే తన బతుకెందుకని సెవెరో బెంగ.

మొరెనాడా ఎంత నింపాదైన నాట్యమో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పీపాల్లాంటి బరువు దుస్తులేసుకున్న మగవాళ్ళు చేతుల్లో గరగరమనే గిలకలు తిప్పుతూ ఒక అడుగు వేస్తారు. ఆ అడుగు బాగుందా లేదా అని కాసేపు ఆలోచించుకుంటారు. అప్పుడు రెండో అడుగు. వాళ్ళ ముందు నడిచే కారు పాకాలి. సెవెరో బండిని ఫస్ట్ గేరులో వదిలితే వీధి కుక్కలు వెంటపడి అలిసిపోతున్నాయి. బండి నెమ్మదించకపోతే వంతు ఇంకో టాక్సీవాడు పొర్ఫీరియో తార్కికి ఇచ్చేస్తానని బృందం పెద్ద దోన్ కసియానో కబురు కూడా పంపాడు.

ఇక్కడే హెచ్చు ఐడిలింగ్ వల్ల కలిగే అసలు లాభం మొదలవుతుంది. తాను ఎంతమంది మేధావుల మధ్య బతుకుతున్నాడో మనిషికి తెలిసొస్తుంది!

మొదట సెవెరో ఆప్తుడు, కంపాద్రే గుమెర్సిందో వచ్చాడు. ఇది ఎత్తు మహిమ అని తేల్చాడు. నాలుగు వేల మీటర్ల ఎత్తులో మనుషులకే రొప్పు వస్తుంటే ఇంజిన్‌కి రాదా అన్నాడు. ఆ బండి ఇక్కడికి వచ్చి చాలా ఏళ్ళయిందని సెవెరో గుర్తు చేస్తే, రొప్పు నెమ్మదిగా పట్టుకునే జబ్బని చెప్పి, ఎయిర్ ఫిల్టర్ మీద, మేం రొప్పుకి నమిలే కోకా ఆకులు గుప్పెడు పెట్టి వెళ్ళాడు.

తరవాత మెకానిక్ సెనోన్. స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజిన్‌కి ఆనించి, రెండో కొస చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. ఇంజిన్‌కి ఏదో మనోవ్యథ ఉందన్నాడు. ఐడిలింగ్ స్క్రూ కుడికి తిప్పాడు, తగ్గలేదు. ఎడమకి తిప్పాడు, తగ్గలేదు. ప్లగ్గులు మార్చాడు, గొట్టాలు మార్చాడు, చివరికి హారన్ కూడా మార్చాడు. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి, ఆయన భక్తి గొప్పది. కార్నివాల్ నాడు బండికి చేసిన చాల్యా పూజ తాలూకు రంగు కాగితపు తోరణాలు, ఎండిన పూలరేకులు బానెట్ కింద ఎక్కడివక్కడే ఉన్నాయి. పూజ చేసి కట్టినవి పీకేస్తే అరిష్టం కదా! అందుకని ప్రతిసారీ వాటిని సుతారంగా పక్కకి జరిపి, పని చేసుకుని, మళ్ళీ యథాస్థానంలో సర్దేవాడు.

దోన్ కసియానో మేనల్లుడు కంప్యూటర్ స్కానర్ పట్టుకొచ్చాడు. ఆ పాత బండికి స్కానర్ గుచ్చే చోటే లేదు. వెతికి వెతికి సిగరెట్ లైటర్‌లో గుచ్చాడు. రిపోర్టు రాలేదు గానీ అతని ఫోన్ నిండుగా చార్జ్ అయింది. సంతోషంగా వెళ్ళిపోయాడు.

అందరికన్నా పట్టుదల దోన్యా ఎదువిఖెస్‌ది. ఆవిడ ఆ కారుకి జ్ఞానతల్లి. పిల్లలకి జ్ఞానస్నానం చేయించినట్టు కొత్తలో దానికి పేరు పెట్టించింది ఆవిడే, ఏటా కార్నివాల్‌కి చాల్యా చేసేదీ ఆవిడే. ఇది ఎవరి దిష్టో అని ఆవిడ గట్టి నమ్మకం. అంచేత వారం వారం వచ్చి, బానెట్ ఎత్తించి, భూమాత పచమామని తలుచుకుని, ఇంజిన్ మీద సీసాడు బీరు పోసి, పూలరేకులు చల్లి, కొత్త తోరణం ఒకటి వేసి వెళ్ళేది. పోసిన ప్రతిసారీ మోత ఇంకాస్త పెరిగేది. "చూశావా నాయనా, అమ్మవారు పలుకుతోంది" అనేది ఆవిడ.

నేనా? నేను సలహాలిచ్చే రకం కాదు. పెట్రోల్ ట్యాంకు మూత మార్చమని మాత్రం అన్నాను. అది శాస్త్రీయం.

పండుగ ముందు రోజు దోన్ కసియానో పరీక్షకి వచ్చాడు. ఇంజిన్‌కి ఏం బుద్ధి పుట్టిందో, ఆయన ఉన్నంతసేపూ పిల్లిలా కూర్చుంది. బాగుందయ్యా అని ఆయన భుజం తట్టి వెళ్ళాడు. ఆయన మలుపు తిరగ్గానే మళ్ళీ అందుకుంది. సెవెరో రేడియేటర్ ముందు చతికిలబడి తల పట్టుకున్నాడు.

పండుగ నాడు ఏం జరిగిందో ఆ వీధిలో ఉన్నవాళ్ళకి చెప్పాల్సిన పని లేదు. లేనివాళ్ళ కోసం చెబుతున్నాను.

బ్యాండ్ మొదలైంది. సెవెరో క్లచ్ తొక్కి పట్టుకుంటే ఇంజిన్ గోలలో బ్యాండ్ వినిపించడం లేదు. క్లచ్ వదిలితే బండి ఉరుకుతోంది. బ్రేకు తొక్కుతుంటే చక్రాల నుంచి పొగ. ఆపేద్దామంటే వేడెక్కిన ఇంజిన్ మళ్ళీ స్టార్ట్ అవుతుందన్న నమ్మకం లేదు. మాతకి దణ్ణం పెట్టుకుని వదిలేశాడు.

ముందు బండికీ నాట్యానికీ మధ్య ఎడం రాకూడదని మా బృందం నియమం. అది తప్పితే పక్క పేటవాళ్ళు ఏడాది పొడుగునా నవ్వుతారు. అందుకని పీపా దుస్తుల మగవాళ్ళు అడుగు తరవాత ఆలోచించుకోవడం మానేశారు. ఆ తరవాత అడుగులే మానేసి పరుగు లంకించుకున్నారు. గిలకలు వడగళ్ళలా మోగాయి. ఆడవాళ్ళ టోపీలు వెనక వీధిలోనే ఉండిపోయాయి. ట్యూబా వాయించేవాళ్ళు ఊదేది ట్యూబాలోకో, ఊపిరి కోసమో తెలియకుండా పోయింది. సాయంత్రం దాకా సాగాల్సిన ఊరేగింపు భోజనాల వేళకే చర్చి మెట్ల దగ్గరికి వచ్చి పడింది!

బండిలో దోన్యా బసీలియా ఒళ్ళో మాత బొమ్మ పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తేలోపే మనుషులు దాటిపోయారు. ఆవిడ చెయ్యి ఊపినవన్నీ దీపస్తంభాలే. మూల మలుపు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో.

"ఒరే సెవెరో, ఫెలీపా మొహం కనపళ్ళేదురా" అంది.

గట్టిగా అనలేదు. సెవెరోకి అదే ఎక్కువ బాధనిపించింది. స్టీరింగ్ మీద తల ఆనించి ఏడ్చాడు. ఇంజిన్ మాత్రం హాయిగా హోరెత్తుతూనే ఉంది.

ఇప్పుడు వరం సంగతి చూడండి! ఇలాంటి సమయంలో మామూలుగా ఏం జరగాలి? పేటంతా బండి చుట్టూ మూగి సలహాలివ్వాలి. కానీ దోన్ కసియానో మెట్ల మీద వెల్లకిలా పడున్నాడు. గుమెర్సిందో వేలెత్తి ఏదో చెప్పబోయాడు, వేలు లేచింది గానీ మాట లేవలేదు. సెనోన్ పీపా దుస్తుల్లో నుంచి బయటికి రాలేక గోడకి చేరబడ్డాడు. దోన్యా ఎదువిఖెస్ బీరు సీసా మూత తియ్యడానికి కూడా ఓపిక లేక దాన్నే గుండెకి హత్తుకుని కూర్చుంది. నా పరిస్థితి చెప్పను. కార్నివాల్ నుంచి ఇప్పటివరకు ఆ బండి దగ్గర ఎవరూ మాట్లాడకుండా ఉన్నది అప్పుడే.

సలహాలు లేని ఆ కాసేపట్లో సెవెరో కళ్ళు తుడుచుకుని దిగాడు. దుప్పటి పైకి మడిచి బానెట్ ఎత్తాడు. ఎవరి మాటా చెవిన పడకపోవడంతో, చేసేదేమీ లేక ఊరికే చూశాడు. యాక్సిలరేటర్ తీగ వచ్చి తగులుకునే చోట, కార్బ్యురేటర్ పక్కన, గులాబీ రంగు కాగితపు తోరణం ఒకటి చుట్టుకుని ఉండ కట్టి ఉంది. బీరులో నానుతూ, ఎండుతూ, మళ్ళీ నానుతూ బంకలా అతుక్కుపోయింది. కాలు తీసినా తీగ పూర్తిగా వెనక్కి రాకుండా అదే అడ్డుపడుతోంది.

చెయ్యి చాపాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. చాల్యా కాగితం అది. తల్లి వంక చూశాడు.

"పీకెయ్యరా. పచమామకి మనం పోసిన బీరు చాలు, కాగితాలెందుకు" అంది దోన్యా బసీలియా.

రెండు వేళ్ళతో లాగాడు. టక్కుమని తీగ వెనక్కి వెళ్ళింది. మోత తగ్గింది, ఇంకా తగ్గింది. చివరికి చర్చిలో ఎవరో దగ్గితే వినిపించింది. సెవెరో ఇంజిన్ ఆగిపోయిందనుకుని భయపడి చెయ్యి పెట్టి చూశాడు. ఆగలేదు. తిరుగుతోంది.

అందరూ ఎలాగూ ఇళ్ళకి వెళ్ళాలి. నడిచే ఓపిక ఎవరికీ లేదు. సెవెరో బండి వెనక్కి తిప్పాడు. క్లచ్ వదిలితే బండి పాకింది. దాని వెనక కాళ్ళీడ్చుకుంటూ మా బృందం, ఒక అడుగు వేసి, నిలబడి, మరో అడుగు. అంత అందమైన మొరెనాడా మా పేటలో ఎవరూ చూసి ఉండరు. ఒక ట్రంపెట్ అతను మాత్రం సన్నగా అందుకున్నాడు. దోన్యా బసీలియా డాష్‌బోర్డు మీద వేలితో తాళం వేస్తూ, గుమ్మం గుమ్మానికీ చెయ్యి ఊపుతూ వెళ్ళింది. మూల మలుపులో దోన్యా ఫెలీపా లేచి నిలబడింది.

"ఇందాక దూసుకుపోయింది నువ్వేనటే? గాలిదుమ్మనుకున్నాను" అంది.

"నేనే. చెప్పటానికే వెనక్కొచ్చాను" అంది దోన్యా బసీలియా. కిటికీలోంచి చేతులు పట్టుకున్నారు. బండి ఎంత నెమ్మదిగా పోతోందంటే, చేతులు వదలకుండానే దోన్యా ఫెలీపా వీధి చివరిదాకా పక్కనే నడిచింది.

ఇల్లు చేరేసరికి అందరికీ ఊపిరి తిరిగొచ్చింది, దాంతో పాటే నోళ్ళూ తిరిగొచ్చాయి. తోరణం మీద తనకి మొదటినుంచీ అనుమానమేనని సెనోన్ అన్నాడు. దోన్యా ఎదువిఖెస్ బాగైనందుకు చాల్యా చెయ్యాలంటూ సీసా మూత తీసింది. చేతిలో కొత్త తోరణం కూడా ఉంది. సెవెరో ఒక్క ఉదుటున బానెట్ మీదికెక్కి కూర్చున్నాడు.

"నా మీద పొయ్యండి" అన్నాడు.

పోసింది. జ్ఞానతల్లి మరి! జూలై చలిలో సీసాడు చల్లటి బీరు, పైన పూలరేకులు, మెడలో తోరణం. తెల్లారేసరికి సెవెరోకి పళ్ళు టకటకలాడుతూ ఒళ్ళంతా వణుకు. నాలుగు దుప్పట్లు కప్పినా పడుకున్నచోటే ఊగిపోతున్నాడు.

మేమంతా వెంటనే వెళ్ళాం. అలాంటప్పుడు వెళ్ళకపోతే మనుషులమేనా? ఇది ఎత్తు మహిమేనని గుమెర్సిందో కోకా ఆకులు తీశాడు. సెనోన్ స్క్రూడ్రైవర్ రోగి ఛాతీకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. దోన్ కసియానో మేనల్లుడు స్కానర్ గుచ్చే చోటు వెతుకుతున్నాడు. దోన్యా ఎదువిఖెస్ ఇంకో సీసా తెచ్చింది. నేను మాత్రం టోపీ మార్చమన్నాను.

దోన్యా బసీలియా మా అందరినీ బయటికి పంపి తలుపేసుకుంది. సాయంత్రానికల్లా సెవెరోకి నెమ్మదించిందట. ఆవిడ ఏం వైద్యం చేసిందో మాత్రం నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టడం లేదు.