రెండు వేల ఏళ్ల నివాస ధ్రువపత్రం

మనిషిని బతికించేవి గాలి, నీరు, తిండి అని పాఠ్యపుస్తకాల్లో రాస్తారు. శుద్ధ అబద్ధం! మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో గాలి తుఫానై వస్తుంది. మా కిడ్నీల్ని తినేస్తున్నది నీళ్లో కాదో డాక్టర్లు ఇంకా తేల్చలేదు. తిండి ఆ రెండింటి దయ. అయినా మేం బతికే ఉన్నాం. ఎలాగంటారా? ఈ నేల మీదికి ముందు వచ్చింది తెలుగువాళ్లా, ఒరియావాళ్లా అన్న తగువు మమ్మల్ని బతికిస్తోంది.

నవ్వకండి. బాగా ఆలోచించే అంటున్నాను. కరెంటు పోతుంది గానీ ఈ తగువు పోదు. పలాస స్టేషన్లో రైలు మూడు గంటలు లేటయినప్పుడు ప్లాట్‌ఫారం మీద దీన్ని ఎత్తుకోండి, అప్పుడే వచ్చేసిందేమిటని రైలును తిట్టుకుంటూ ఎక్కుతారు. తొంభైతొమ్మిది తుఫానుకి కొబ్బరితోటలు నేలమట్టమైనప్పుడు ఒక్క టార్పాలిన్ కింద రెండు కుటుంబాలు తలదాచుకున్నాయి. వాళ్లు తిండి గురించి ఏడ్చారనుకుంటున్నారా? ఆ టార్పాలిన్ కిందికి ఎవరు ముందు దూరారో, దాన్నిబట్టి ఈ నేల ఎవరిదో వాదించుకున్నారు! ఖర్చు లేని కాలక్షేపం, పన్ను లేని వినోదం. ఇంతకంటే వరం ఏం కావాలి?

ఈ వరం మహిమ తెలియాలంటే పనసపుట్టుగ రావాలి. పలాసలో బస్సెక్కి, మందస దాటి, జీడితోటల మధ్య దిగి కాస్త నడిస్తే వస్తుంది. అక్కడ పనస అన్న మాట మాదంటే మాదని రెండు పక్షాలు ఉన్నాయి. చెట్టు మాత్రం ఇద్దరికీ కాయలిస్తోంది. దానికి చరిత్ర తెలియదు పాపం.

తెలుగు పక్షానికి పెద్ద చంద్రమౌళి మాస్టారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి, రిటైరైన మర్నాటికే చరిత్రకారుడైపోయాడు. చరిత్రకారుడు కావడానికి పరీక్షలేమీ లేవు గనుక పట్టా తనకు తానే ఇచ్చుకున్నాడు. మాస్టారిని పట్టుకుని ఏకవచనమేమిటని కోప్పడకండి. అతని పట్ల నాకున్న గౌరవం అంతే!

ఒరియా పక్షానికి పెద్ద ఎదురింటి గోపాలరావు. జీడితోటల ఆసామి. ఇంట్లో ఒరియా, సంతలో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి మాట్లాడతాడు.

ఈ రెండిళ్ల తాతలు నేస్తం కట్టుకున్నారు. నేస్తరికమంటే ఉత్త స్నేహం అనుకునేరు! పదిమంది ముందు కొత్త బట్టలు ఇచ్చిపుచ్చుకుని వరస కలుపుకోవడం. ఆనాటినుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, ‘నేస్తం’ అనే పిలవాలి. ఆ వరస మనవల దాకా నడుస్తుంది. ఒకరింట్లో చావు జరిగితే రెండో ఇంటినుంచి అన్నం వస్తుంది. అందుచేత ఇద్దరూ ఒకరి మీద ఒకరు కరపత్రాలు అచ్చేసుకునే రోజుల్లో కూడా వాటిలో ఎదుటివాడి పేరు ఉండేది కాదు. ‘మా పొరుగున ఉన్న కొందరు అజ్ఞానులు’ అని ఉండేది. పొద్దున్న అజ్ఞాని అని అచ్చుకిచ్చి, మధ్యాహ్నం ఆ అజ్ఞాని ఇంటినుంచి వచ్చిన పనసకాయ కూర లొట్టలేసుకుంటూ తినేవాడు మాస్టారు.

మాస్టారి పరిశోధన ఎలా సాగేదో చెప్పాలి. ముసలమ్మల్ని కూర్చోబెట్టి పాత మాటలు రాసుకునేవాడు. ఒకసారి బొడ్డమ్మ అనే ముసలమ్మని పట్టుకుని, “ఆకలేసినప్పుడు మీ అమ్మమ్మ ఏమనేది?” అని అడిగాడు.

“ఆకలేత్తే ఏటంటాది బాబూ? ఏడిసేది,” అంది బొడ్డమ్మ.

ఏడుపు ఏ భాషాకుటుంబానికి చెందుతుందో తేలక ఆ పేజీ ఖాళీగా వదిలేశాడు. అతని నోటుపుస్తకం మొత్తంలో నమ్మదగిన పేజీ అదొక్కటే.

ఇంతలో గోపాలరావు కొత్త కరపత్రం వేశాడు. ఇక్కడి తెలుగువాళ్లంతా ఒకప్పటి ఒరియావాళ్లే, మధ్యలో ఎప్పుడో భాష మరిచిపోయారు, కాబట్టి మనమంతా ఒక తల్లి పిల్లలం అని దాని సారాంశం. మాస్టారికి ఒళ్లు మండిపోయింది. తిడితే సహించేవాడు. చుట్టరికం కలిపితే ఎలా సహిస్తాడు? ఆ చుట్టరికం తెంచాలంటే ఒకటే దారి. తన పూర్వీకుల్ని ఈ చుట్టుపక్కల లేకుండా చేయాలి. ఆరు నెలలు తలుపులేసుకుని ‘ఉద్దానాంధ్రుల ఆగమన చరిత్ర’ రాశాడు. మేం ఇక్కడివాళ్లం కానే కాదు, రెండు వేల ఏళ్ల కిందట గోదావరి ఒడ్డునుంచి ఎడ్లు తోలుకుంటూ వచ్చాం, ఈ ఒరియావాళ్లతో మాకు ఏ సంబంధమూ లేదు అని తేల్చేశాడు. గోపాలరావు మాత్రం తక్కువ తిన్నాడా? మేమూ ఇక్కడివాళ్లం కాము, పూరీ నుంచి వచ్చాం అని అచ్చేశాడు. చూశారా శాస్త్రం గొప్పతనం! ఒకరికొకరు చుట్టాలు కాకుండా ఉండాలని ఇద్దరు పండితులూ కలిసి ఊరు ఖాళీ చేసేశారు. ఇక పనసపుట్టుగలో మొదటినుంచీ ఉన్నవి నక్కలే అయుండాలి.

అంతటితో ఆగితే వినోదమే. రెండు వేల మూడులో గోపాలరావు మనవడు సాయికుమార్‌కి పాలిటెక్నిక్ సీటు వచ్చేలా ఉంది. కొన్నేళ్లు ఒరిస్సాలో, బరంపురంలో చదివాడు గనుక, ఇక్కడివాడేనని మండలాఫీసు నుంచి నివాస ధ్రువపత్రం తేవాలి. ఏ మండలాఫీసో చెప్పను. చెప్పకపోతే ప్రతివాళ్లూ తమదే అనుకుంటారు. మాస్టారు ఆ ఆఫీసుకి ఒక అర్జీ పెట్టాడు. పూరీ నుంచి వచ్చామని తామే అచ్చేసుకున్న కుటుంబానికి స్థానికులని కాగితమెలా ఇస్తారు అని! సాక్ష్యంగా గోపాలరావు కరపత్రాన్నీ, శాస్త్ర సమ్మతంగా ఉంటుందని తన పుస్తకాన్నీ జతచేశాడు. అర్జీ అన్నాక ‘కొందరు అజ్ఞానులు’ అంటే కుదరదు కదా? గోపాలరావు పేరు, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో రాశాడు.

ఆఫీసువాళ్లకి పండగైంది. ఇవ్వకపోవడానికి ఇంత పాండిత్యం ఉన్న కారణం వాళ్లకి ఎప్పుడు దొరికింది గనుక? పత్రం రాలేదు, సీటు పోయింది, సాయికుమార్ పలాస మందస మధ్య ఆటో తోలుకుంటున్నాడు. చరిత్ర గెలిచింది! ఆ రోజు మాస్టారు రెండు కప్పుల టీ తాగాడు. ఆ తర్వాత ఎదురింటినుంచి కూర రావడం మానేసింది.

మరుసటి ఏడు మాస్టారి మనవరాలు యామినికి టీచర్ ట్రైనింగ్‌లో ర్యాంకు వచ్చింది. మంచి ర్యాంకు కాదు, జిల్లా వాళ్లకిచ్చే వాటాలో సీటు దొరికేంత ర్యాంకు. తుఫానుకి బడి కప్పు లేచిపోయి, అదే ఏడు తల్లి మంచాన పడితే ఆ పిల్లని కూడా ఒరిస్సాలోనే, పర్లాకిమిడిలో మేనమామ ఇంట్లో ఉంచి పదో తరగతి దాకా చదివించారు. అందుకని ఆమెకీ నివాస ధ్రువపత్రం కావాలి. సోమవారం పొద్దున్న శ్రీకాకుళంలో కౌన్సెలింగ్. శనివారం పొద్దున్న మనవరాలిని వెంటబెట్టుకుని మాస్టారు మండలాఫీసుకి వెళ్లాడు. ముందే వెళ్లొచ్చు కదా అంటారా? తనంతటి వాడు అడిగితే అయిదు నిమిషాల పని అనుకున్నాడు.

గుమస్తా ధర్మారావు లేచి కుర్చీ వేశాడు. బీరువాలోంచి మాస్టారి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు.

“నాను మొత్తం సదివేనండి.”

మాస్టారికి కళ్లు చెమర్చాయి. రెండేళ్లలో దొరికిన మొదటి పాఠకుడు! “ఎలా ఉంది?” అన్నాడు గొంతు సవరించుకుని.

“సాలా గట్టిగా రాసేరు. మీవోళ్లు గోదారి ఒడ్డునుంచి వొచ్చేరని తిరుగులేకుండా తేల్చేరు. అదే ఇబ్బందండి.”

“ఏటి ఇబ్బంది?”

“నిరుడు మీ ఎదురింటి కుర్రోడికి మీ అర్జీ, ఆళ్ల కరపత్రం సూసే కాదన్నారు మా సారు. బయటినుంచి వొచ్చినోళ్లకి ఇక్కడి కాగితం లేదని ఫైల్లో రాసేసేరు. ఇప్పుడు మీకిచ్చేత్తే ఆళ్లు ఊరుకుంటారేటి? గోదారి ఒడ్డునున్న మండలాఫీసులో తెచ్చుకోండి.”

“అది రెండు వేల ఏళ్ల కిందటి మాటయ్యా!”

“ఎన్నేళ్లైతే సెల్లిపోద్దో రూల్లో లేదండి,” అన్నాడు ధర్మారావు ఎంతో వినయంగా. తర్వాత యామిని మొహం చూసి కాస్త మెత్తబడ్డాడు. “ఒక పని సేయండి మాస్టారూ. మీరు ఇక్కడోళ్లేనని ఆ గోపాలరావుగారి సేత వాంగ్మూలం రాయించుకు రండి. మీరు నిరుడు పెట్టిన అర్జీ తప్పని ఒక కాగితం రాసివ్వండి. రెండూ ఉంటే ఈపూటే సంతకం పెట్టించేత్తాను.”

గోపాలరావు కళ్లంలో జీడిపిక్కలు ఆరబోయిస్తున్నాడు. ఏడాది తర్వాత గడప తొక్కిన మనిషిని రమ్మనలేదు, పొమ్మనలేదు. మాస్టారు వచ్చిన పని చెప్పాడు. గోపాలరావు వంగి పిక్కలు కెలికాడు.

“నా పేరు రాసేవు నేస్తం,” అన్నాడు. “సీటు పోతే పోయింది, మా బుల్లోడి రాత. కరపత్రాల్లో నువ్వు నన్ను తిట్టేవు, నాను నిన్ను తిట్టేను. మీ నాన్న సచ్చినంత వరకు మా బాబు పేరు నోటంట అన్నేదు. నువ్వు ఆఫీసు కాయితం మీద ఇంటిపేరుతో కలిపి రాసేవు.”

మాస్టారు చరిత్ర గురించి ఏదో గొణిగాడు. గోపాలరావు వినిపించుకోలేదు. యామిని వైపు తిరిగి, “కాయితం ఇలా తే అమ్మా. ఏటి రాయాల?” అన్నాడు. ఎవరూ చెప్పకముందే రాసేశాడు. ‘నాకు తెలిసీ, మా తాతకు తెలిసీ, ఈ ఇంటివాళ్లు మా ఊరివాళ్లే, మా ఎదురింటివాళ్లే.’ అందులో పూరీ లేదు, రాజులు లేరు, రథాలు లేవు. సంతకం పెట్టి, “బేగి ఎల్లండి, ఆఫీసు కట్టేత్తారు,” అన్నాడు.

ఇక మిగిలింది మాస్టారి కాగితం. ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని కలం తీశాడు. ఎంతసేపు పని? ‘నా అర్జీ తప్పు, వెనక్కి తీసుకుంటున్నాను’ అని రాస్తే అయిపోతుంది. కానీ ముప్పై ఏళ్లు ఎర్రసిరాతో ఇతరుల కాగితాల మీద తప్పు అని రాసిన చెయ్యి, తన కాగితం మీద రాయడానికి రానంది.

మొదట, ‘ఆగమన సిద్ధాంతము ప్రస్తుతము పునఃపరిశీలనలో ఉన్నది’ అని రాశాడు. ధర్మారావు తల గోక్కుని తిరిగిచ్చేశాడు. తర్వాత ముద్రణాదోషం మీదికి నెట్టాడు. “అర్జీ సేత్తో రాసినది కదండి,” అన్నాడు ధర్మారావు. మూడోసారి, అర్జీలోని ఉద్దేశం మంచిదేననీ, దాన్ని అర్థం చేసుకోవడంలో కార్యాలయం పొరబడిందనీ రాశాడు. ధర్మారావు చదివి, కాగితం బెంచీ మీద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

“తాతా, ఆ ఒక్క మాటే కదా. నాను రాత్తాను, నువ్వు సంతకం పెట్టు,” అంది యామిని.

“ఆగమ్మా. పండితుడన్నాక మాట ఆచితూచి వాడాలి. రేపు ఎవరైనా చదివితే?”

ఎవరు చదువుతారు? ఆ ప్రశ్న అప్పుడు అతనికి తోచలేదు. నాలుగో కాగితం సగంలో ఉండగా జీపు స్టార్టయింది. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని ఆఫీసరుగారు టెక్కలి బయల్దేరారు. మళ్లీ సోమవారం మధ్యాహ్నానికి గాని రారు. జీపు గేటు దాటేవరకూ యామిని వెనక పరుగెత్తింది. మాస్టారు కలం పట్టుకుని బెంచీ మీదే కూర్చున్నాడు.

ఆ సీటు తర్వాతి ర్యాంకు పిల్లకి వెళ్లింది. మంచి పిల్లే అయుంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో యామిని ఒక్కసారే నోరు విప్పింది. “రెండు వేల ఏళ్ల కిందట ఎవులెక్కడున్నారో నీకు తెలుసు తాతా. సోమారం పొద్దున్న నాను ఎక్కడుండాలో నీకు తెలీలేదు.”

ఇప్పుడామె ట్రైనింగ్ లేని టీచరు. పలాసలో ఒక ప్రైవేటు బడిలో ఎల్‌కేజీ పిల్లల ముక్కులు తుడుస్తోంది. ఆ పిల్లలు ఒకే పలక మీద ఇద్దరేసి రాసుకుంటూ తెలుగులో మొదలుపెట్టి ఒరియాలో కొట్టుకుంటారట. ఎవరు ముందొచ్చారో వాళ్లకింకా ఎవరూ నేర్పలేదు. త్వరలో నేర్పుతాం లెండి, దానికి ట్రైనింగ్ అక్కర్లేదు.

ఇంత జరిగాక కూడా ఈ తగువు వరమేనా అని అడుగుతారు. ముమ్మాటికీ వరమే! ముసలితనంలో మనిషికి ఒక చాటు కావాలి. రెండు వేల ఏళ్ల వెనక్కి వెళ్లి నిలబడితే, నిన్న చేసిన పని గురించి ఎవరూ నిలదీయలేరు.

ఇంతసేపూ అతను, అతను అని రాశాను. అలా రాస్తే కాస్త దూరంగా ఉంటుందనుకున్నాను. చంద్రమౌళిని నేనే. ఆనాడు రాయాల్సిన కాగితం ఇది. రాసింది తప్పు, చేసిందీ తప్పు. దీన్ని పుచ్చుకునే ఆఫీసు ఇప్పుడేదీ లేదు, అందుకని మీకిస్తున్నాను.

యామిని రోజూ బడినుంచి వచ్చి నాకు అన్నం వడ్డించి పక్కకి వెళ్లిపోతుంది. నాతో ఏ భాషలోనూ మాట్లాడదు.