ముందు చేతులు దించండి

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి ఇంటి యజమాని వస్తాడు, పెంపుడు కుక్క గుండు నోరు మెదపకుండా చాప మీద పడుకుంటుంది, ఆయన తృప్తిగా వెళ్లిపోతాడు. ఒక్కసారి మొరిగినా గుండు ఇల్లు వదలాలన్నది ఆయన షరతు. గుండంటే దర్జీకి ప్రాణం.

భారమంతా కుక్కల శిక్షకురాలి మీదే. ఏళ్ల తరబడి పోలీసు కుక్కలకు తర్ఫీదిచ్చిన ఆవిడ గొంతు పెంచగా ఎవరూ వినలేదు. కుక్క తప్పు చేస్తే పట్టించుకోదు, ఒప్పు చేస్తే ఆ క్షణమే మాంసం ముక్క పెడుతుంది. అలాంటి మనిషి నెల కిందట, వచ్చిన రోజే గుండుకు మొరగడం నేర్పడం మొదలుపెట్టింది.

"అదెందుకమ్మా, పుట్టుకతోనే వచ్చుగా" అన్నాడు దర్జీ కంగారుగా.

"చెయ్యెత్తితే మొరగాలి, దించితే ఆపాలి. అడిగినప్పుడు మొరిగితేనే ముక్క దొరుకుతుందని తెలిశాక, ఊరికే మొరిగి గొంతెందుకు పాడుచేసుకుంటుంది?"

నెల తిరక్కుండా గుండు మౌనవ్రతం పట్టింది. దర్జీ ఆవిడకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

యజమాని వచ్చాడు. గుండు కదల్లేదు. గోడవారగా కూర్చున్న శిక్షకురాలు ముక్క పెట్టింది. దర్జీకి ఆనందంలో ఒళ్లు తెలియలేదు.

"ఎలాగూ వచ్చారు, కోటుకు కొలతలు తీసుకుంటాను. కాస్త చేతులెత్తండి బాబుగారూ" అన్నాడు.

యజమాని ఎత్తాడు. గుండు మొరిగింది.

బెదిరిపోయిన యజమాని చేతులు ఇంకా పైకెత్తాడు. గుండు ఇంకా గట్టిగా మొరిగింది. "నోర్ముయ్, కొంప ముంచుతావా" అంటూ దర్జీ అత్తగారు వంటింట్లోంచి గరిటె పైకెత్తి పరుగున వచ్చింది. "దాన్ని పంపెయ్యకండి బాబుగారూ" అంటూ దర్జీ చేతులెత్తి దండం పెట్టాడు. ఎవరికి జవాబివ్వాలో తెలియక గుండు అందరికీ ఇచ్చింది.

"ముందు అందరూ చేతులు దించండి" అంది శిక్షకురాలు మామూలు గొంతుతోనే.

దించారు. గుండు ఆగింది.

"తప్పు దానిది కాదండీ. మీరు అడిగారు, అది పలికింది" అంటూ ఆవిడ గుండుకు ఇంకో ముక్క పెట్టింది.

యజమాని అనుమానంగా ఒక చెయ్యి ఎత్తాడు. మొరిగింది. దించాడు. ఆగింది. మళ్లీ ఎత్తాడు. ఆయన ముఖం మెల్లగా విప్పారింది.

"మా ఇంట్లో గొంతు చించుకున్నా పలికే నాథుడు లేడు. చెయ్యెత్తితే పలికేదాన్ని వెళ్లగొడతానా? ఉండనీవయ్యా" అన్నాడు.

దర్జీ గుండు మెడ కావలించుకుని ఏడ్చేశాడు. ఇంత విద్యను అంత చిన్న గొంతులో దాచుకున్న శిక్షకురాలికి తల వంచి నమస్కరించాడు.

మర్నాటి నుంచి యజమాని జేబులో మాంసం ముక్కలు వేసుకుని, తెల్లవారగానే దర్జీ కిటికీ దగ్గరకొచ్చి చెయ్యెత్తసాగాడు. వారం తిరక్కుండా ఇరుగుపొరుగు ఆ గోల భరించలేక ఫిర్యాదు చేశారు, గుండు మీద కాదు, యజమాని మీద.