వైస్ చాన్సలర్ గారి మూడు వందల మొహాలు

ఆ శనివారం పొద్దున హెస్టర్ డన్‌స్టన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చెట్టు కింద బల్ల వెయ్యాలి, ఇంట్లో చేసి తెచ్చిన కొబ్బరి కేకులు దాని మీద పెట్టాలి, సాయంత్రంలోగా పదిహేను మంది చేత 'తత్వశాస్త్రంలో చేరతాం' అని పేర్లు రాయించుకోవాలి. పేర్లు రాకపోతే కూలబ్రూక్ విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర విభాగం మూతపడుతుంది. విభాగం అనగానే ఏదో పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. ఒక గది, ఒక కెటిల్, హెస్టర్. అంతే.

మూసేస్తానన్నది వైస్ చాన్సలర్ లయొనెల్ గ్రిమ్‌షా. ఆయన అడుగుపెట్టాక అక్కడ చదువు అనే మాటే వినబడటం మానేసింది. ఎటు చూసినా నైపుణ్యాలే. కొత్త పిల్లలూ తల్లిదండ్రులూ చూడవచ్చే ఓపెన్ డే నాడు ప్రతి విభాగమూ తన బల్ల ముందు బోర్డు పెట్టి, ఇక్కడ చదివితే ఏ పని చేతికొస్తుందో ఒక్క ముక్కలో రాయాలని ఆయన హుకుం. ఇంజనీరింగ్ వాళ్ళు 'కడతాం' అని రాసుకున్నారు. లా వాళ్ళు 'కాపాడతాం' అన్నారు. మార్కెటింగ్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి 'ఏదైనా అమ్ముతాం' అన్నారు. హెస్టర్ బాగా ఆలోచించి 'ప్రశ్నిస్తాం' అని రాస్తే, బోర్డులు సరిచూసే మార్కెటింగ్ లెక్చరర్ ప్రిసిల్లా ఓక్స్ దాన్ని తడిగుడ్డతో తుడిచేసింది.

"ప్రశ్నలు వేసేవాళ్ళని ఏ కంపెనీ అయినా పిలిచి ఉద్యోగమిస్తుందా హెస్టర్? నువ్వే చెప్పు."

"ఇవ్వదంటావా?" అంది హెస్టర్.

"చూశావా, మళ్ళీ ప్రశ్నే!"

అలా ఆమె బోర్డు ఖాళీగా మిగిలింది. చోటు పంపకంలోనూ ఆమెకు దక్కింది ఎవరికీ అక్కర్లేని మూల: గేటు పక్కనున్న నీలగిరి చెట్టు కింద, తన గదికి ఎదురుగా. ఆ చెట్టు మీద క్లారెన్స్ కాపురం ఉంటాడు. క్లారెన్స్ అంటే మాగ్‌పై పిట్ట. కాకంత ఉంటాడు, నలుపూ తెలుపూ, చూడ్డానికి పెద్దమనిషి. తెల్లవారకముందే వాడు పాడితే మనసు చల్లబడుతుంది. కానీ ఆగస్టు వచ్చి గూట్లోకి పిల్లలు వచ్చాయంటే మాత్రం ఆరు వారాల పాటు వాడికి తిక్క రేగుతుంది. వెనకనుంచి రివ్వున వచ్చి మాడు మీద ఒక్కటి పొడుస్తాడు. ఆ ఆరు వారాలూ ఊళ్ళో పిల్లలు ఐస్‌క్రీమ్ డబ్బాలు నెత్తిన బోర్లించుకుని బడికి పోతారు, పెద్దలు టోపీల వెనకాల కళ్ళు గీసుకుంటారు. వెనక కూడా మొహం ఉంటే పిట్ట జంకుతుందని నమ్మకం.

ఇంకో సంగతి కూడా ఉంది. మాగ్‌పై మొహాలు మరిచిపోదు. కిందటేడు ఇదే రోజుల్లో వైస్ చాన్సలర్ గొడుగుతో క్లారెన్స్‌కి ఒక్కటి అంటించాడు, అది చాలదన్నట్టు మర్నాడు మనుషుల్ని పెట్టి గూడున్న కొమ్మ కొట్టించాడు. అప్పట్నుంచీ ఆయన వెనక గేటులోంచి వస్తున్నాడు. ఆరోగ్యం కోసం చుట్టూ తిరిగి నడుస్తున్నానని చెప్పుకుంటాడు గానీ, జరిగిందంతా తన కిటికీలోంచి హెస్టర్ చూసింది. ఆమెకూ క్లారెన్స్‌కీ మాత్రం మంచి స్నేహం. కలిసి భోంచెయ్యడానికి విభాగంలో మరో మనిషి లేడు కనుక, రోజూ మధ్యాహ్నం ఆమె తన డబ్బాలోంచి చిటికెడు కీమా వాడికి పెట్టేది.

పొద్దున్నే మొదటి బేరం బాగానే తగిలింది. మెర్వ్ టకర్ అనే గొర్రెల రైతు, పక్కనే కూతురు బ్రిన్. బ్రిన్ కేకు తీసుకుని పుస్తకాల వైపు ఆశగా చూసింది. మెర్వ్ ఖాళీ బోర్డు వైపు అనుమానంగా చూశాడు.

"ఇది చదివితే మా పిల్లకి ఏం ఉద్యోగమొస్తుందమ్మా?"

"ఆలోచించడం వస్తుందండీ."

"అది ఇప్పటికే ఎక్కువైంది! గొర్రెల కొట్టం తలుపు తియ్యమంటే, తలుపెందుకు అని అడుగుతోంది."

"అబ్బా, నాన్నా!" అంది బ్రిన్.

"పద పద. ఇంజనీరింగ్ చూద్దాం."

మెర్వ్ పది అడుగులు వేశాడో లేదో, క్లారెన్స్ వచ్చి టోపీ ఎగరగొట్టి, బట్టతల మీద సంతకం చేసి పోయాడు. వెనకాలే మరో ఇద్దరికి అదే మర్యాద జరిగింది. ఒకావిడ పిల్లల్ని కారెక్కించి వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఓపెన్ డే కాస్తా మూసుకునేలా ఉందని ప్రిసిల్లా విభాగాలన్నిటినీ కేకేసింది. "నైపుణ్యాలు, నైపుణ్యాలు అని బోర్డులు పెట్టుకున్నారుగా! ఏదీ, చూపించండి!"

లా వాళ్ళు ముందుకొచ్చారు. పిట్ట పొడిస్తే విశ్వవిద్యాలయానికి బాధ్యత లేదని పదకొండు షరతులతో చిన్నచిన్న అక్షరాల్లో నోటీసు తయారుచేసి తెచ్చి చెట్టుకే కట్టారు. అది చదవాలంటే చెట్టు కింద నిలబడి మెడ ఎత్తాలి. జనం నిలబడ్డారు, మెడలు ఎత్తారు. ఏడో షరతు దాకా వెళ్ళినవాడు ఒక్కడూ లేడు.

తర్వాత ఇంజనీరింగ్ లెక్చరర్ బ్రైస్ కలిగన్ చొక్కా చేతులు మడిచాడు. "ఇదంతా ఎందుకు గురూ, అరగంటలో సొరంగం కట్టిపారేస్తాను!" గేటు నుంచి భవనం దాకా గుంజలు పాతి, ఇళ్ళ కప్పుల కింద వేసే వెండి రంగు రేకుల పట్టాలు కప్పాడు. నిజానికి సొరంగం భేషుగ్గా ఉంది. వచ్చిన చిక్కల్లా ఆ రేకులు అద్దంలా మెరవడమే. క్లారెన్స్ వచ్చి చూసుకునేసరికి తన ఇంటి ముందు ఎవడో పరాయి మాగ్‌పై! ఇంక ఆగుతాడా? డబడబా పొడవడం మొదలెట్టాడు. వాడి పెళ్ళాం కూడా దిగి వచ్చి చూస్తే, పరాయి ఆడది! సంసారంలో అంతకన్నా పెద్ద గొడవ ఏముంటుంది. ఇద్దరూ కలిసి పట్టా చీల్చారు, లోపలి జనం హడలెత్తి తోసుకున్నారు, గుంజలు ఒక్కొక్కటే ఒరిగాయి. బ్రైస్ పట్టా కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చి, "నేల మెత్తగా ఉంది. అది మా విభాగం తప్పు కాదు, భూగర్భశాస్త్రం వాళ్ళది," అన్నాడు.

"తప్పుకోండి," అంది ప్రిసిల్లా. "జనానికి కావలసింది సొరంగం కాదు, నమ్మకం." ఆమె ప్రెస్సుకి పరుగెత్తింది. టోపీల వెనక కళ్ళు గీసుకోవడం పల్లెటూరి పద్ధతి కదా, ఆమె ఏకంగా అట్టల మీద మూడు వందల నిండు మొహాలే అచ్చు వేయించింది, దారాలతో సహా. ప్రెస్సు దగ్గర పెద్ద సైజులో సిద్ధంగా ఉన్న ఫోటో ఒక్కటే. వైస్ చాన్సలర్‌ది, నవ్వుతూ.

అట్టల కట్టలు చూసి హెస్టర్ బల్ల వదిలి పరుగెత్తుకొచ్చింది.

"ప్రిసిల్లా, ఆ మొహం వద్దు. నా మాట విను."

"ఏం, బాగాలేదా?"

"క్లారెన్స్‌కి ఆ మొహం తెలుసు!"

"మరింకేం! తెలిసిన మొహమైతే మర్యాద ఇస్తాడు. మార్కెటింగ్‌లో మేం మొదట నేర్పేదే అది."

"వాడి కొమ్మ కొట్టించింది ఆయనే తల్లీ..."

"హెస్టర్, నీ ప్రశ్నలు నీ బల్ల దగ్గరుంచుకో," అని ప్రిసిల్లా అట్టలు పంచడానికి వెళ్ళిపోయింది.

పావుగంటలో మైదానం నిండా వైస్ చాన్సలర్లే. ఎవరు ఎటు తిరిగినా వీపు మీంచి అదే నవ్వు. ఈ వార్త విని అసలాయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇన్ని మొహాల మధ్య తనకేం భయమని, పత్రికవాడు ఫోటో తీస్తానన్నాడని, ఏడాది తర్వాత మొదటిసారి ముందు గేటులోంచి నడిచి వచ్చాడు. జాగ్రత్త కోసం ఆయనా ఒక అట్ట తల వెనక కట్టించుకున్నాడు.

కొమ్మ మీద క్లారెన్స్ ఒక్క క్షణం తల అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏడాదిగా వెతుకుతున్న శత్రువు మూడు వందల మందిగా వచ్చి నిలబడితే ఎవరికైనా అంత సమయం పడుతుంది. తర్వాత వాడు ఒక కేక పెట్టాడు. వాడి పెళ్ళాం, బావమరుదులు, క్రికెట్ మైదానం అవతల చెట్ల మీదున్న దూరపు బంధువులు కూడా లేచి వచ్చారు.

ఆ తర్వాత జరిగింది చెప్పడం కంటే పరుగెత్తడం తేలిక. అందరూ అదే చేశారు. దగ్గర్లో తెరిచి ఉన్న తలుపు ఒక్కటే, అది హెస్టర్ గదిది. కూర్చోవడానికి ఎన్నడూ ముగ్గురికి మించి రాని గదిలో పట్టినంతమంది జనం కిటికీ అంచుల దాకా కిక్కిరిశారు. హెస్టర్ మాత్రం కిటికీలోంచి తన బల్ల వైపే చూస్తోంది. కేకులు నేలపాలయ్యాయి. పొద్దుట్నుంచీ బతిమాలి రాయించిన నాలుగు పేర్ల కాగితాన్ని బల్ల కింద దూరిన వైస్ చాన్సలర్ నెత్తిన అడ్డం పెట్టుకున్నాడు, క్లారెన్స్ దాన్ని పీలికలు చేస్తున్నాడు. ఇంతకాలం చెప్పిన చదువంతా అలా గాలికి పోతుంటే ఆమెకు ఏడుపొచ్చింది.

"దొంగ పిట్ట! కాల్చి పారెయ్యాలి," అన్నాడు ఎవరో.

"ఎందుకు?" అంది హెస్టర్ అలవాటు కొద్దీ. ఆమెకు ఇంకేమీ చేతకాదు కదా.

"ఎందుకేమిటి, మనుషుల్ని పొడిస్తే!"

కిందటేడు వైస్ చాన్సలర్ గూడున్న కొమ్మ కొట్టించిన సంగతి హెస్టర్ చెప్పింది. మెర్వ్ నెత్తికి రుమాలు అదుముకుంటూ అడ్డొచ్చాడు. "ఆగవయ్యా. చెట్టు వాడిది, పిల్లలు వాడివి. నా ఇంటి కప్పు పీకించినవాణ్ణి నేనైతే ఊరికే వదులుతానా?"

"పీకించింది ఆయనైతే మమ్మల్నెందుకు పొడవడం?" అంది ఒక తల్లి.

"మనం ఆయన మొహం పెట్టుకున్నాం కదా," అంది బ్రిన్ నెమ్మదిగా. "ఒకరి మొహం పెట్టుకుంటే వాళ్ళ తప్పు కూడా మన నెత్తికొస్తుందా?"

హెస్టర్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ గదిలో అలాంటి ప్రశ్న ఇంకొకరి నోటినుంచి విని ఎన్నేళ్ళయిందో! అంతే, ఇంక వాదన అంటుకుంది. వస్తుందన్నవాళ్ళు కిటికీ వైపు, రాదన్నవాళ్ళు గోడ వైపు చేరారు. మధ్యమధ్య బల్ల కిందనుంచి "ఎవరైనా రండర్రా!" అని వైస్ చాన్సలర్ కేక వినబడుతోంది. ఆయన్ని కాపాడటం మన బాధ్యతా కాదా అన్న దగ్గరికొచ్చేసరికి గోడ వైపు వాళ్ళు కూడా రెండుగా చీలిపోయారు.

"కొమ్మ కొట్టించినప్పుడు ఈయన పిట్ట బాధ్యత చూశాడా?" అన్నాడు మెర్వ్.

హెస్టర్ తలుపు దగ్గర ఒక్క నిమిషం నిలబడింది. రేపు తన గదికి తాళం వేసే మనిషి అక్కడ బల్ల కింద ముడుచుకుని ఉన్నాడు. కాసేపు అలాగే ఉంచితే ఏం పోతుంది? ఆ ఆలోచన ఆమెకు చాలా రుచిగా అనిపించింది, కాదని చెప్తే అబద్ధం. చివరికి నిట్టూర్చి, కీమా డబ్బా తీసుకుంది. "వాదన ఆపకండి, ఇప్పుడే వస్తాను," అని బయటికి నడిచింది.

క్లారెన్స్ ఆమెను చూసి పక్కకి జరిగి, పెద్దమనిషిలా తల వంచాడు. హెస్టర్ గడ్డిలో కీమా పెట్టి, బల్ల దగ్గర కూర్చుంది.

"లయొనెల్, ఆ మొహం తీసెయ్."

"ఎప్పుడో తీసేశాను!"

హెస్టర్ తొంగిచూసింది. "ఓహో. అయితే ఇది సొంతమా. దీనికి నేనేం చెయ్యలేను." కేకులు తెచ్చిన ఐస్‌క్రీమ్ డబ్బా ఖాళీగా పడి ఉంటే దాన్ని ఆయన తల మీద మెడదాకా బోర్లించి, చెయ్యి పట్టుకుని గదిలోకి నడిపించుకొచ్చింది. పత్రికవాడికి కావలసిన ఫోటో దొరికింది.

లోపల ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు. మెర్వ్ హెస్టర్ మీదికి దూకినంత పని చేశాడు. "ఇది తేలలేదమ్మా! మళ్ళీ ఎప్పుడు?"

"మార్చిలోనండీ, క్లాసులు మొదలైతే. చేరినవాళ్ళకి."

"అయితే రాసుకో. మా బ్రిన్ పేరు. దాని కింద నాది కూడా!"

కొత్త కాగితం చేతులు మారింది. అది తిరిగొచ్చేసరికి పేర్లు పదిహేను దాటి వెనకవైపుకి కూడా పాకాయి. హెస్టర్ దాన్ని గుండెలకు హత్తుకుంది. వైస్ చాన్సలర్ డబ్బా పైకెత్తి ఇదంతా చూశాడు. ఆయన విభాగాన్ని మూసే మనిషే గానీ, జనం గుమిగూడిన చోటు విలువ తెలియని మనిషి కాదు.

"హెస్టర్, ఆ పిట్ట నీ మాట ఎలా విన్నది? ఇది తత్వశాస్త్రంలో నేర్పుతారా?"

జీవితమంతా సత్యం గురించి పాఠాలు చెప్పిన మనిషి కదా, ఆ కాగితం చేతిలో ఉండగా అబద్ధమాడటానికి ఆమెకు నోరు రాలేదు. "లేదు లయొనెల్. రోజూ కొంచెం కీమా పెడతాను, అంతే."

"అదే, అదే!" అన్నాడాయన ఉత్సాహంగా. "మొండి భాగస్వాములతో దీర్ఘకాలిక సత్సంబంధాలు! ఈ నైపుణ్యం ఇన్నాళ్ళూ ఎందుకు దాచావు?" వెంటనే ప్రిసిల్లా చేత ఆ ముక్కని హెస్టర్ ఖాళీ బోర్డు మీద పెద్ద అక్షరాల్లో రాయించాడు.

విభాగం నిలబడింది, గదికి రెండో కెటిల్ కూడా వచ్చింది. మరుసటి ఏటి నుంచి తత్వశాస్త్రం మొదటి సంవత్సరంలో ఒక తప్పనిసరి పాఠం చేరింది: చేతిలో కీమా డబ్బాతో వైస్ చాన్సలర్‌ని ముందు గేటు నుంచి ఆఫీసు దాకా నడిపించడం. అందులో మెర్వ్‌కి తరగతిలో మొదటి మార్కు వచ్చింది. తత్వశాస్త్రం చదివితే ఏం ఉద్యోగం వస్తుందని ఇప్పుడు కూలబ్రూక్‌లో ఎవరూ అడగరు. వస్తుంది, ఏడాదికి ఆరు వారాలు.