ఉప్పు లేని క్యారియర్

ఆ సోమవారం పొద్దున గోపాలస్వామి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం అందరికంటే ముందే చెయ్యి కడుక్కుని, లారీ వెనక్కు పోయి, క్యారియర్ ఖాళీ చేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చోవాలి. అంతే.

గుడియాత్తంలో ఒక లుంగీల గోడౌనులో మూటలెత్తే ఏడుగురి జట్టుకు అతను మేస్త్రీ. ఇద్దరు పట్టే మూటను ఒక్కడే భుజానికెత్తుకుంటాడని పేరు. అలాంటివాడి గుండెకు పోయే రక్తనాళం ఒకటి సన్నబడిందని పది రోజుల కిందట వేలూరులో డాక్టరు తేల్చాడు. మాత్రలు వేసుకోవాలి, ఉప్పూ నూనే బాగా తగ్గించాలి, పెద్ద మూటల జోలికి పోకూడదు. మొదటి రెండు మాటలూ గోపాలస్వామి చెవికెక్కనే లేదు. మూట ఎత్తని మేస్త్రీని ఎవడు లెక్కచేస్తాడు? ఆస్పత్రి మెట్లు దిగకముందే, ఈ సంగతి ఎవరికీ చెప్పనని భార్య ఉమామహేశ్వరి చేత ఒట్టు వేయించుకున్నాడు. అప్పటినుంచీ పెద్ద మూట వంతు రాగానే ఫోను మోగినట్టు నటించి పక్కకు తప్పుకుంటున్నాడు.

ఆమె మాత్రం డాక్టరు రాసిచ్చిన పథ్యం కాగితాన్ని బీరువాకు అంటించి, తెల్లవారుజామున లేచి వంట మొదలుపెట్టింది. ఒంటికి బలం రావాలి, గుండెకు బరువు కాకూడదు. కొర్రన్నం, మునగాకు పప్పు, ఉడికించిన అలసందలు, పలచటి మజ్జిగ. ఉప్పు లేని లోటు తెలియకుండా నిమ్మకాయ పిండింది. అయినా తెలిసింది.

చిక్కంతా ఆ జట్టు ఆనవాయితీతో వచ్చింది. అక్కడ క్యారియర్లన్నీ నడుమ పెట్టి, ఎవరి కూర వాళ్లు మిగతా ఆరుగురికీ తలా ఒక గరిటె వేసిగానీ ముద్ద ముట్టరు. కడుపునొప్పని, మొక్కుందని గోపాలస్వామి వారం నెట్టుకొచ్చాడు. ఆ సోమవారం మాత్రం లారీ వెనక జట్టులోని నారాయణకూ జయకుమార్‌కూ అడ్డంగా దొరికిపోయాడు.

జయకుమార్ చొరవగా పప్పులో వేలు పెట్టి నాకాడు. "ఏమన్నా ఇది? ఉప్పూ లేదు, కారమూ లేదు!"

నారాయణ జాలిగా చూశాడు. "వదినెకు కోపమొచ్చినాదా అన్నా? మా ఇంట్లో నళిని కూడా ఇంతేప్పా. అలిగిందంటే మొదట కొళంబులో ఉప్పు ఆపేస్తాది."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే పెద్ద మూటలు కనబడ్డాయి. గోపాలస్వామి నిజాన్ని మింగేసి తల ఊపాడు.

ఆ ఒక్క ఊపుతో అతనికి యోగం పట్టింది. ఒకరు కరువాడు కొళంబు, అంటే ఎండుచేపల పులుసు, ఇంకొకరు అప్పళాలు, మరొకరు నూనె తేలే మామిడికాయ ఊరగాయ. "తినన్నా, పాపం" అంటూ దగ్గర కూర్చుని మరీ తినిపించారు. శనివారందాకా తిన్నాడు. ఇంటి క్యారియర్‌లోది రోజూ గోడౌను వెనక తిరిగే మేకకు పోసేవాడు. "ఎట్లుండాది ఈ పొద్దు?" అని భార్య అడిగితే, "బాగుండాది" అనేవాడు. ఆమె సంతోషపడేది. ఆ సంతోషం చూడలేక అతను గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

గోడౌనులో పుట్టిన మాట వీధికి చేరేసరికి కాళ్లూ చేతులూ మొలిచాయి. ఉప్పు ఆపిందన్నది కూడు ఆపిందని అయింది, ఆపైన మొగుణ్ణి బయట పడుకోబెట్టిందని అయింది. జయకుమార్ తల్లి కాళియమ్మ మాటంటే ఆ వీధికి తీర్పు. ఆదివారం పొద్దున్నే ఆమె తమలపాకులూ అరటిపళ్లూ తట్టలో పెట్టుకుని, జట్టునూ వాళ్ల పెళ్లాలనూ వెంటబెట్టుకుని గోపాలస్వామి ఇంటికి రాజీ చేయడానికి దిగింది.

"ఏమ్మా ఉమా! మూటలు మోసే మనిషికి ఉప్పు లేని కూడు పెడతావా? ఎంత కోపమైతే మాత్రం ఇట్ల చేస్తారా?"

ఉమామహేశ్వరికి అర్థం కావడానికి క్షణం పట్టింది. మొగుడి ముఖం చూసింది. బీరువా మీది కాగితం వైపు ఒక్క వేలు చూపితే సరిపోయేది. చూపలేదు.

"తప్పే అత్తా," అంది తల వంచుకుని. "కోపంలో చేసినా. రేపట్నుంచి సరిగ్గా పెడతా."

కాళియమ్మ అంతటితో వదల్లేదు. ఇంటిదాని ధర్మం ఏమిటో మొదటినుంచీ చెప్పుకొచ్చింది. ఉమామహేశ్వరి చేతులు కట్టుకుని వింటోంది. గోపాలస్వామికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎన్నో మూటలు మోశాడు గానీ, ఆ నిమిషాన్ని మోయలేకపోయాడు.

"ఆపమ్మా, ఆపు!" అని లేచాడు. "ఆమె తప్పేం లేదు. నా గుండె బాగలేదు. చెప్పొద్దని నేనే ఒట్టేయించినా. అబద్ధం చెప్పింది నేను. మీరు పెట్టిందంతా తిన్నా. ఆమె వండింది... మేకకు పోసినా."

"మేకకా?" అంది ఉమామహేశ్వరి.

అంతసేపు పడ్డ తిట్లకు చెమర్చని ఆమె కళ్లు ఆ ఒక్క మాటకు నిండాయి. గోపాలస్వామి అందరి ముందూ చెంపలు వేసుకున్నాడు. ఆమె చూడలేదు.

జయకుమారే దగ్గరకొచ్చాడు. "మూటలు మేం ఎత్తలేమా అన్నా? నువ్వు పక్కన నిలబడి అరిస్తే చాలు. ఇంతదానికి వదినెను తిట్టిస్తావా?" ఇన్ని రోజులు దాచుకున్న భయం అంత తేలిగ్గా పోతుందని గోపాలస్వామి అనుకోలేదు. అందుకు సిగ్గు ఇంకాస్త పెరిగింది. మగవాళ్లంతా ఇటు ఓదారుస్తుంటే, అటు ఆడవాళ్లు బీరువా చుట్టూ చేరి ఆ కాగితాన్ని ఫోనుల్లో ఫోటో తీసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం ఏడు క్యారియర్లూ నడుమకు వచ్చాయి. ఒక్కొక్కటే మూత తెరిచారు. ఏడింటిలోనూ ఉప్పు లేని మునగాకు పప్పే. జయకుమార్ వేలు పెట్టి నాకి, ముఖం చిట్లించాడు. ఆరుగురూ తలెత్తి గోపాలస్వామిని చూశారు. అతను తల దించుకుని, తన పప్పు తలా ఒక గరిటె వడ్డించి, మిగిలింది గిన్నె అడుగుదాకా ఊడ్చి తిన్నాడు.

చివరికి నారాయణ గొంతు తగ్గించి అడిగాడు. "అన్నా, ఆ మేక యాడ ఉండాది?"

మేక అప్పటికే గోడ పక్కన నిలబడి ఉంది.