అచ్చుకెక్కిన ఆట, గుట్ట కింద గ్రౌండు

ఒక ఊళ్లో ఫుట్‌బాల్‌కు మంచి చరిత్ర పుస్తకం రావాలంటే ముందు ఆ ఊళ్లో ఫుట్‌బాల్ ఆపించాలి. ఆడేవాళ్లు ఆడుతూనే ఉంటే చరిత్ర రాసేవాడు ఎక్కడని ఫుల్‌స్టాప్ పెడతాడు? ఇవాళ పెట్టాడనుకోండి, రేపు ఎవడో వచ్చి ఇంకో గోలు కొడతాడు. మళ్లీ ప్రూఫులు దిద్దాలి!

ఈ సత్యాన్ని కనిపెట్టిన ఘనత మన బళ్లారి జిల్లాది. గనులు జోరుమీదున్న ఆ రోజుల గురించి బయటివాళ్లు దుమ్మనీ, లారీలనీ, రోడ్ల మీద గుంతలనీ ఏవేవో అంటారు. కంట్లో పడ్డ దుమ్మును చూస్తారే తప్ప అది చేసిన మేలు చూడరు.

మేలు కాదా చెప్పండి! అంతకుముందు కాలేజీ జట్టుకు ఏటా జెర్సీల రగడ. నీలమా, పచ్చా అని కొట్టుకు చచ్చేవారు. లారీలు మొదలయ్యాక ఏ రంగు వేసుకున్నా హాఫ్‌టైముకల్లా ఎరుపే. మనవాడెవడో అవతలివాడెవడో తెలియక రెండు జట్లూ ఒకరికొకరు పాసులిచ్చుకునేవారు. ఇంత సోదరభావం ఏ ఒలింపిక్స్‌లో చూశారు?

ఈ మేలు అర్థం కాని మనిషి ఆ ఊళ్లో ఒక్కరే. ఆయన పేరు సాలొమోను. కప్పగల్లు వైపున్న ఒక కాలేజీలో పీటీ సారుగా చేసి రిటైరయ్యారు. ఏ కాలేజీ అని అడక్కండి, ఇప్పుడు అది కూడా సరిగ్గా కనబడదు. సాలొమోను గారిది పాత మిషన్ సంఘం కుటుంబం. తెల్లదొరలు వదిలిపోయిన వాటిలో బైబిలూ బంతీ రెండూ ఆయనకు ఒకటే. బంతికైతే అప్పుడప్పుడూ గాలి కొట్టాలి, అంతే తేడా.

ఆయనకు రెండు కోరికలుండేవి. ఒకటి, జిల్లాలో ఆడిన కాలేజీ పిల్లలందరి చరిత్రా అచ్చులో చూడాలని. దేశనూరు నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, చెప్పులు విప్పి గట్టున పెట్టి, వట్టికాళ్లతో ఆడిపోయినవాడు ఆయనకు గుర్తే. ఎమ్మిగనూరులో వరిమడికి నీళ్లు కట్టి, ఆ బురదకాళ్లతోనే గోలు కాసినవాడూ గుర్తే. రెండోది, గ్రౌండు పక్కన జనం కూర్చునేందుకు మట్టిగట్టు పోసి గ్యాలరీ కట్టాలని. దానికోసం సంఘమంతా ఏటేటా ప్రార్థన చేసేది.

ఆ సంఘంలో ఒక మంచి ఆనవాయితీ ఉంది. ఏది వచ్చినా ముందు కృతజ్ఞతా కూడిక. వచ్చిందేమిటో చూసుకోవడం ఆ తర్వాత.

ఒక ఉదయం గోల్‌పోస్టు పక్కన టిప్పర్లు వచ్చి ఎర్రమట్టి దింపాయి. ఇంకేముంది, గ్యాలరీ వచ్చేసింది! గేదెలు కూడా ఎర్రబడ్డ ఊళ్లో మట్టేదో ఇనుప ఖనిజమేదో ఎవరు పోల్చుకోగలరు? సాలొమోను గారు పాస్టరు గారిని పిలుచుకొచ్చారు. గుట్ట ముందు నిలబడి అందరూ కీర్తన పాడారు. ఒకప్పుడు ఫుల్‌బ్యాక్ ఆడిన కాలువకింది రైతు బసవపున్నయ్య తన వంతుగా కొబ్బరికాయ కొట్టాడు. టిప్పర్ల యజమాని ఇంద్రసేన చేతులు కట్టుకుని భక్తిగా నిలబడి, ఫోటోలు తీయించి, ఇంత కొబ్బరిముక్క కూడా నోట్లో వేసుకున్నాడు.

గుట్ట పెరిగి పెనాల్టీ గీత దాకా వచ్చింది. తర్వాత సెంటర్ సర్కిల్ దాకా వచ్చింది. చుట్టూ కంచె, రోడ్డు వైపు గేటూ లేచాయి. అప్పుడు సాలొమోను గారికి అనుమానమొచ్చి ఇంద్రసేన ఆఫీసుకు వెళ్లారు.

“గ్యాలరీ అని మీకు ఎవురు చెప్పినారు సార్? అది ఓర్, ఇనుప ఖనిజం. కాలేజీ కమిటీవాళ్లు జాగా బాడుగకిచ్చినారు” అన్నాడు ఇంద్రసేన. గోడ మీద ఫ్రేము కట్టించిన ఫోటో చూపించాడు. “మీరే కదా పాస్టరయ్యను తోలుకొచ్చి స్తోత్రం చేయిస్తిరి. దేవుడు ఒప్పుకున్నాంక మనం వద్దంటే బాగుంటాదా?”

సాలొమోను గారు ఆఫీసు ఆఫీసూ తిరిగారు. కలెక్టరు దగ్గరికి వెళ్తే ఫోటో. పేపరువాళ్ల దగ్గరికి వెళ్తే ఫోటో. ఆశీర్వాదం పొందిన ఆక్రమణను తొలగించే చట్టం ఈ దేశంలో ఇంకా రాలేదు.

ఇంట్లో ఆయన భార్య కృపమణి అన్నం వడ్డిస్తూ అంది: “స్తోత్రం చేసేముందు ఒక పిడికెడు చేతిలోకి తీసుకోని చూసింటే దేవుడు కోప్పడతాండెనా?”

ఆయన సగం అన్నంలోనే చెయ్యి కడిగేసుకున్నారు.

కానీ ఇంద్రసేన గుండె మెత్తన. గురువుగారు బాధపడితే చూడలేడు. తనే కబురు పెట్టాడు: “మీ ఫుట్‌బాల్ చరిత్ర నేను అచ్చేయిస్తా సార్. ఆర్ట్ పేపరు, కలర్ ఫోటోలు. బెంగళూరులో ప్రింటింగు.” ఒక్కటే చిన్న విన్నపం. ఆయనా ఆ కాలేజీ పాత విద్యార్థే. జట్టులోనే ఉండేవాడు, అంటే గీత బయట నిమ్మబద్దల గిన్నె పట్టుకుని ఉండేవాడు. పుస్తకంలో మాత్రం సెంటర్ ఫార్వర్డ్ అని పడితే బాగుంటుందన్నాడు.

ఆ ఒక్క వాక్యాన్ని సాలొమోను గారు రెండుసార్లు రాసి కొట్టేశారు. దేశనూరు సైకిలువాడి ముఖం ఆర్ట్ పేపరు మీద ఎలా ఉంటుందో ఊహించుకున్నాక మూడోసారి రాసి ఉంచేశారు. మనిషన్నాక ఆశ ఉండదా?

ఇటు ఆటగాళ్లకు కూడా ఎంత మేలు జరిగిందో చూడండి. ప్రాక్టీసు లేదు కాబట్టి మోకాళ్లు చెక్కుకుపోవడం లేదు. జట్టుకు జట్టే ఓర్ పనిలో కుదిరింది. ఒకడు లారీలకు టార్పాలిన్ కడతాడు, ఒకడు కూడలిలో ఎర్రజెండా ఊపుతాడు. కెప్టెన్ హులిగప్ప లారీ క్లీనరయ్యాడు. ఇక మన గ్రౌండు మీది గుట్ట రైలెక్కి, ఓడెక్కి, చైనా వెళ్తోందనీ, అక్కడ ఒలింపిక్స్‌కు స్టేడియాలు లేస్తున్నాయనీ చెప్పుకునేవారు. మన పిల్లలు ఒలింపిక్స్‌కు పోలేకపోతేనేం? మన గ్రౌండు పోయిందా లేదా?

పుస్తకావిష్కరణ గుట్ట ముందే షామియానా వేసి జరిపారు. మొదటి ప్రతి ఇప్పటి కెప్టెన్‌కు ఇవ్వాలని ఇంద్రసేన ముచ్చట. హులిగప్ప లారీ దిగి, కనురెప్పల మీద దుమ్ముతోనే వేదికెక్కాడు. పుస్తకం అందుకుని అక్కడే నిలబడి చివరి పేజీలు తిప్పసాగాడు.

“సార్, నా పేరు యాడా లేదే.”

“నువ్వొచ్చినాంక మనం మ్యాచ్ ఆడింది లేదు కదప్పా. ఆడింటే రాసిందును” అన్నారు సాలొమోను గారు.

“ఆడేకి గ్రౌండు యాడుండాది సార్?”

కుర్రాడు కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు. సాలొమోను గారికి తల కొట్టేసినట్టయింది. లేచి మైకు ముందుకు వెళ్లారు.

“మా ఇంద్రసేన సెంటర్ ఫార్వర్డ్ అని పుస్తకంలో రాస్తిని. ఆయప్ప మా కాలంలో ఒక్క గోలూ కొట్టలేదు. అయినా మా జిల్లాలో అంత పెద్ద ఆటగాడు ఇంకొకడు లేడు. మిగతావాళ్లు బంతిని గోల్‌పోస్టుల్లోకి తన్నినారు. ఆయప్ప గోల్‌పోస్టులనే మింగినాడు.”

సభ చప్పట్లతో మారుమోగింది! అందరికంటే ఎక్కువసేపు కొట్టినవాడు ఇంద్రసేనే. గురువు నోట అంత పొగడ్త ఆయన ఎన్నడూ వినలేదు.

చప్పట్లు ఆగేదాకా చూసి సాలొమోను గారు అడిగారు: “గ్రౌండు ఎప్పుడు వాపసిస్తావప్పా?”

ఇంద్రసేన నిజంగానే ఆశ్చర్యపోయాడు. “గ్రౌండు ఇంక దేనికి సార్? అందురూ పుస్తకంలో ఉండారు కదా.”

ఎంత చక్కటి మాట! కానీ సాలొమోను గారికి మింగుడుపడలేదు. ఇన్నేళ్లలో ఆయనకు అంత కోపం రావడం ఎవరూ చూడలేదు. మెట్లు దిగుతూ హులిగప్ప భుజం పట్టుకున్నారు.

“బూట్లుండాయా?”

“ఉండాయి సార్. లారీలో సీటు కింద.”

“రేపు పొద్దున్నే అందర్నీ తోలుకొని రా.”

“యాడ ఆడేది?”

“గేటు ముందర. రోడ్డు ఇంకా ఎవురికీ బాడుగకియ్యలేదు.”

మర్నాడు ఆ ఓర్ స్టాక్‌యార్డు గేటు రెండు కంబాలే గోల్‌పోస్టులు. అవతలి వైపుకు రెండు టార్పాలిన్ చుట్టలు. విజిలు సాలొమోను గారిది. లారీలు బారులు తీరాయి. డ్రైవర్లు ముందు హారన్లు కొట్టారు, తర్వాత కిందికి దిగి తిట్టారు, ఆ తర్వాత చెరో జట్టు వైపూ చేరి కేకలు పెట్టారు. ఇంద్రసేన కారు తన లారీల వెనకే ఇరుక్కుపోయింది. హులిగప్ప బంతిని తన్ని గేటులోంచి లోపలికి పంపేసరికి కాపలావాడు కూడా ఎగిరి గంతేశాడు. ఆ పూట చైనాకు మన మట్టి పోలేదు.

చరిత్ర అచ్చయిపోయాక ఆడితే ఇదే ఇబ్బంది! లోకానికి ఎంత నష్టం! ఇంద్రసేన స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాడు. సాలొమోను గారినీ కుర్రాళ్లనూ పిలిపించి, హెడ్ కానిస్టేబుల్ హొన్నూరప్ప తను రాసింది చదివి వినిపించాడు. ఫలానా చోట, ఫలానా వేళ, ఫలానావాళ్లు గుంపుగా చేరి ఫుట్‌బాల్ అనే ఆట ఆడారనీ, అందులో హులిగప్ప అనే వ్యక్తి బంతిని గేటులోకి తన్నాడనీ రాశాడు. అందరి పేర్లూ, తండ్రుల పేర్లతో సహా ఉన్నాయి.

సాలొమోను గారు ఆ కాగితం అడిగి తీసుకుని, కళ్లజోడు తుడుచుకుని, మొదటి నుంచి చివరిదాకా మెల్లగా చదివారు.

“దీంట్లో ఒక్క అబద్ధం లేదప్పా” అన్నారు హొన్నూరప్పతో. “నాకొక కాపీ ఇయ్యి.”